ముందుగది అలంకారము – పరిగ్రహ పరిమాణము

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని తెలుగువారి సామెత. వర్తకుల ఇండ్ల విషయములో దీనిని కొంచెము మార్చి చెప్పుకొనవచ్చును. ముందుగది చూచి అప్పు ఇచ్చువారు కలరు. ముందుగది చూచి పిల్లను ఇచ్చువారును కలరు. అంగడి గల్లాపెట్టెలో ఏమున్నదో వచ్చిన చుట్టమునకు తెలియదు. గోడ మీది రంగు మాత్రము గడప దాటగనే కనబడును. కనుకనే దమ్మిడీ వ్యయమునకు పదిమారులు ఆలోచించు జైన గృహస్థులు కూడ ముందుగదిని కొత్త చేయవలసి వచ్చినప్పుడు చేయి వదలుట కద్దు.

ఒక ఇల్లు ఊహించుకొందము. అది బళ్ళారిలో ఉండవచ్చును, బరంపురములో ఉండవచ్చును, సేలములోనైన ఉండవచ్చును. మూడు తరముల నాటి ఇల్లు, బట్టల వ్యాపారము. ముందుగది గోడలకు ఎప్పటిదో సున్నము. వీపు ఆనించినచో చొక్కాకు తెల్లపొడి అంటును. మనుమరాలిని చూచుటకు పెండ్లివారు రానున్నారు. మనుమడు ఒక కాగితము మీద పట్టిక వ్రాసెను: నాలుగు గోడలకు మెరుగు రంగు, కిటికీలకు మఖమలు తెరలు, పట్టు గలీబుల దిండ్లు, ఒక అద్దాల బీరువా, అందులో పెట్టుటకు డజను లక్కబొమ్మలు. నాయనమ్మ చూచి కాగితము తిరిగి ఇచ్చివేసెను.

"సున్నం కొట్టించి ఊరుకోండిరా. నాకు పరిమాణ వ్రతం ఉంది."

"వ్రతం నీది నాయనమ్మా, గోడలది కాదుగా!"

"మరి గోడ ఎవరిదిరా?"

నవ్వి దాటవేయదగిన ప్రశ్న కాదిది. ఇంటి అందము ఎవరి లెక్కలో పడును? వ్రతము పట్టినవారి లెక్కలోనా, డబ్బు పెట్టినవారి లెక్కలోనా, చూచి ఆనందించు వారందరి లెక్కలోనా?

త్యాగము ప్రధానమైన ధర్మములో రంగులకు తావే లేదని కొందరు ముక్తసరిగా తేల్చివేయుదురు. ఇది పొరపాటు. తమిళనాడు పుదుక్కోట్టై ప్రాంతమున సిత్తన్నవాసల్ కొండ కలదు. కొండకు ఒక వైపు గుహలో మునులు పరుండిన పదిహేడు రాతి శయ్యలున్నవి. తలగడ కూడ రాయియే. అదే కొండకు మరొక వైపున తొలిచిన చిన్న ఆలయములో పైకప్పు నిండ ఒక తామర కొలను చిత్రింపబడియున్నది. తామరలు, చేపలు, పక్షులు, ఏనుగులు, పూలు కోయు మనుష్యులు. పాండ్యుల నాటి, అనగా 9వ శతాబ్ది నాటి పని అందురు. సున్నపు గచ్చు మీద వేసిన ఆ ఆకుపచ్చ, ఆ ఎరుపు నేటికిని కొంత మిగిలియున్నవి. కాంచీపురము దాపున తిరుప్పరుత్తికున్రములో జినాలయ మండపపు కప్పు మీద తీర్థంకరుల చరిత్రలు వరుసగా చిత్రింపబడినవి. కల్పసూత్రపు ప్రతులలో బంగారము, నీలము వాడి బొమ్మలు వేయించినవారు వర్తకులే. రాతి పడకను, రంగుల కప్పును ఒకే కొండ మోసినది. ఒకటి మరియొకదానిని కాదనలేదు.

కాకపోతే ఆ తామర కొలను ఎవరి సొత్తు? ఎవరిదియు కాదు. చూచినవాడు చూచి పోవును. ఇంటి ముందుగది అట్లు కాదు. అది మనది. చిక్కు అక్కడనే ఉన్నది.

ఉమాస్వాతి తన తత్త్వార్థ సూత్రమున పరిగ్రహమనగా వస్తువు కాదు, వస్తువునందలి మూర్ఛ అని నిర్వచించెను. ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుడు వాణిజ్య గ్రామపు సంపన్నుడు. నిధిలో నాలుగు కోట్లు, వడ్డీ వ్యాపారములో నాలుగు కోట్లు, ఇంటి సామగ్రిలో నాలుగు కోట్లు సువర్ణము కలవాడు. మహావీరుని ఎదుట వ్రతము పట్టినపుడు అదియంతయు పారవేయలేదు. ఇంతటితో చాలునని గీత గీసికొనెను. పండ్లు తోముకొను పుల్ల మొదలు స్నానపు నీటి కడవల వరకు హద్దు చెప్పుకొనెను. గృహస్థునకు వ్రతమనగా లేకుండుట కాదు, ఎంత కలదో ఎరిగి ఆగుట. ఈ లెక్క వర్తకునకు మరియొకరు నేర్పనక్కరలేదు. అంగడిలో సరకు నిలువ తేల్చుకొనువాడు ఇంటిలో ఎన్ని తెరలున్నవో, ఎన్ని దిండ్లున్నవో ఏనాడైన తేల్చుకొనెనా అన్నదే సందేహము.

మూర్ఛను కొలుచుటకు తూకపురాళ్ళు అక్కరలేదు. కొత్త రంగు వేసిన మరునాడు చిన్నపిల్లవాడు బొగ్గుముక్కతో గోడ మీద ఒక గీత గీసినచో ఇంటివారి ముఖములు చూచిన చాలును. సున్నపు గోడ అయినచో "పోనీలే" అందురు. వేలు పోసిన గోడ అయినచో పిల్లవాని వీపు చిట్లును. పిల్లలు ఆడరాని గది, పనివారు కూర్చుండరాని గది, ముసలివారు కాళ్ళు చాపరాని గది ఎన్ని ఇండ్లలో లేవు! ఇంటిలో వెలుతురు, గాలి ఎక్కువగా ఉన్న గది అదే. అది చుట్టముల కొరకు తాళము వేయబడియుండును.

ఇక హింస మాట. జైనులు మనోభావములకే రంగులు చెప్పినవారు. కృష్ణ, నీల, కాపోత, తేజో, పద్మ, శుక్ల అని లేశ్యలు ఆరు. వానిని బోధించుటకు చెప్పు నేరేడు చెట్టు కథ ఎరుగని వారుండరు. ఆకలిగొన్న ఆరుగురిలో మొదటివాడు చెట్టును మొదలంట నరుకుదమనెను. రెండవవాడు పెద్దకొమ్మలు, మూడవవాడు చిన్నకొమ్మలు, నాలుగవవాడు గుత్తులు, ఐదవవాడు పండిన పండ్లు చాలుననెను. ఆరవవాడు క్రింద రాలినవి ఏరుకొందమనెను. ఆకలి ఆరుగురికిని ఒక్కటియే. ముందుగది బాగుండవలెనన్న కోరికయు అట్టిదే. తప్పు కోరికలో లేదు, చేయి ఎక్కడ పడినదన్న దానిలో ఉన్నది.

గోడలతో మొదలుపెట్టుదము. సున్నము రెండు విధములు: రాతిసున్నము, గుల్లసున్నము. గుల్లసున్నము తెలుపు మిన్న అని సముద్రతీరపు ఊళ్ళలో పేరు; కాని అది ప్రాణుల చిప్పలను కాల్చి చేసినది. రాతిసున్నము చాలును. పొడి రాలకుండ గంజి గాని తుమ్మబంక గాని కలుపుట పాత అలవాటు. పూర్వపు పొడి రంగులలో వజ్రపు బంక, అనగా పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు కలిపెడివారు. దుకాణములో ఒక మాట అడిగి తెలిసికొనుట మంచిది. కుంచె సంగతి ఎవరికిని తోచదు. నున్నని రంగులు పూయు కుంచెలు పలుమారు పంది వెంట్రుకలవి. సున్నమునకు తాటిపీచు కుంచె, రంగునకు నైలాను కుంచె దొరకుచుండగా కేశ వాణిజ్యమునకు మన గోడ ఎందుకు తోడుపడవలెను?

రంగు కావలెనన్నచో సున్నములో జేగురు కలిపిన ఎరుపు, పచ్చమన్ను కలిపిన పసుపు, నీలిమందు చుక్క వేసిన చల్లని తెలుపు ఉండనేయున్నవి. మట్టి రంగులు సున్నమును తట్టుకొని నిలుచును. పసుపుకొమ్ము రంగు నిలువదు. సున్నము తగిలిన పసుపు ఎర్రనగునని పారాణి కలిపిన ప్రతి ఇల్లాలికిని తెలియును. ఎండ తగిలిన వెలిసిపోవుననియు తెలియును. నాలుగు గోడలకు నాలుగు రంగులేల? వీధి తలుపునకు ఎదుటి గోడ ఒక్కటి పచ్చమన్ను రంగు, తక్కినవి తెలుపు ఉన్నచో సాయంకాలపు ఎండకు గది అంతయు వెచ్చగా కనబడును. పాత మెరుగు రంగు గోకవలసి వచ్చినచో పొడిగా గోకరాదు, తడిపి రుద్దవలెను. ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నియమము మన దేశమున అమలునకు వచ్చినది 2017లోనే. అంతకు పూర్వపు పొరలలో ఎంత సీసమున్నదో చెప్పలేము, ఆ దుమ్ము పిల్లలకు విషము.

పని చేయు తీరు ఇంకను ముఖ్యము. సున్నము కొట్టుటకు ముందునాడే మెత్తని గుడ్డ కట్టిన కర్రతో మూలలు తుడిచి, సాలెపురుగును కాగితము మీదికి ఎక్కించి బయట విడువవలెను. సున్నము విరిసిన తొట్టికి మూత ఉండవలెను. దీపము వెలుగున పని చేయనేరాదు. తడిరంగునకు అంటుకొని చచ్చు పురుగులను తెల్లవారి గోడ మీద చూచినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ప్రొద్దు క్రుంకక ముందే భోజనము ముగించు ఇండ్లలో ప్రొద్దు క్రుంకక ముందే కుంచె కడుగుట కష్టమా? గృహస్థునకు ఆరంభీ హింస తప్పదని శాస్త్రము ఒప్పుకొన్నది. తప్పనిదానిని, అజాగ్రత్తను ఒకే ఖాతాలో వ్రాయుమని మాత్రము చెప్పలేదు.

ఇప్పుడు మనుమని లక్కబొమ్మలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక కలదు. అక్కడివారు అంకుడు కర్రను తరిణె మీద తిప్పుచు రంగు కలిపిన లక్కను ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టును. జాఫరా గింజల ఎరుపు, పసుపు, నీలి వంటి చెట్టు రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చినందుకు ఆ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. చక్కని పని, పిల్లలకు హాని లేని బొమ్మ. కాని లక్క చెట్టుబంక కాదు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు తమ చుట్టు కట్టుకొను గూడు. పిల్లపురుగులు వెళ్ళిపోయిన పిదప కూడ లక్క గీకవచ్చును, వెళ్ళకముందును గీకుదురు. బొమ్మ కొనువానికి ఏది ఎప్పటిదో తెలియదు. శ్రావకుడు చేయరాని పదునైదు వ్యాపారములలో దంత వాణిజ్యముతో పాటు లాక్షా వాణిజ్యమును పేరు పెట్టి చెప్పిరి. ఈ కారణముననే లక్క బేరము జోలికి పోని పెద్దలు ఎందరో.

"అమ్మరాదన్నారు గాని కొనరాదనలేదుగా" అనువారుండవచ్చును. తక్కినవారు ఈ మాట అన్నచో క్షమింపవచ్చును, వర్తకుడు అనరాదు. కొనువాడు లేనిదే అమ్మువాడు లేడన్నది అతని నిత్యానుభవము. గిరాకీ ఉన్నచోటికి సరకు తానే నడచి వచ్చునని చెప్పి బ్రతుకువాడు, ఇంటికి వచ్చుసరికి తాను గిరాకీ కానని చెప్పుట ఎట్లు? అయినను పనివాని పొట్ట కొట్టుట పరిష్కారము కాదు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర, చింతగింజల మక్కు వాడుదురు. పెడన అద్దకములో, శ్రీకాళహస్తి కలము పనిలో కరక్కాయ, పటిక, ఇనుపతుక్కు, బెల్లము, వేళ్ళు, నీలి వాడుదురు. పనివానికి ఇచ్చు రూపాయి అటు తిరిగినను పనివాని ఇంటికే చేరును. ఆ రూపాయిని బేరమాడి పావలా చేయకున్నచో మరియు మంచిది. అంగడిలో ఒకే మాట, ఒకే ధర అను వారు బొమ్మలవాని ఎదుట మాత్రము అరగంట గీచిగీచి బేరమాడుట చూచినపుడు నవ్వు వచ్చును.

పట్టు సంగతి అందరికిని తెలిసినదే. పురుగు బయటకు పోయిన గూడుతో నేసిన అహింసా పట్టును హైదరాబాదువాసి కుసుమ రాజయ్య గారు తయారుచేసి చూపిరి. అయినను దిండు గలీబునకు నూలు కంటె హాయి ఏమున్నది?

ఇంటిలో చేసికొనదగినవి ఇంటిలోనే ఉన్నవి. చిరిగిన చీరెలతో కుట్టిన బొంత ఎంత అందమైనదో పల్లెటూరి మంచము మీద చూచినవారికి తెలియును. దానిని మడిచి బల్ల మీద పరచినచో మఖమలు పరుపు ఎందుకు? బట్టల అంగడిలో నమూనా ముక్కలు గుట్టలుగా మిగులును. మిల్లువారు తిరిగి అడుగనివేనా అని ఒకమారు చూచుకొని – అచౌర్యము కూడ వ్రతమే కదా – ఆ ముక్కలతో గుమ్మమునకు తోరణము కుట్టవచ్చును. అష్టమి చతుర్దశులలో పచ్చని ఆకు తుంచని ఇండ్లలో గుడ్డ తోరణము వాడని మామిడాకు వంటిది. పీట మీద బియ్యముతో స్వస్తికము, దానిపై మూడు చుక్కలు, చంద్రరేఖ తీర్చుట ఎట్లును అలవాటే. వాకిటి ముగ్గు విషయములో మాత్రము ఒక మాట: బియ్యపుపిండి చీమలకు ఆహారమని వేయుదురు గాని, నలుగురు తిరుగు గడప వద్ద వేసినచో పిలిచి త్రొక్కించినట్లగును. పిండిముగ్గు ప్రక్కగా, రాతిముగ్గు నడవలో వేయుట మేలు.

చేతితో చేసినంత మాత్రమున మూర్ఛ రాదని కాదు. "ఇది మా అమ్మాయి కుట్టింది" అని వచ్చినవారికెల్ల పదిమారులు చూపుట కూడ ఒక విధమైన మెరుగు రంగే. కాని తాను కుట్టినది చిరిగినచో తిరిగి కుట్టవచ్చునన్న ధీమా ఉండును. అద్దాల బీరువా పగిలినచో అట్టి ధీమా ఉండదు.

ఆ ఇంటి కాగితము చివరకు సగమైనది. తెరలు నూలువి, గోడ ఒక్కటి పచ్చమన్ను, మూడు తెలుపు, బీరువా మాట ఎత్తలేదు. మనుమరాలు నమూనా ముక్కలతో తోరణము కుట్టుచుండగా మనుమడు గూటిలోనికి చేయి పెట్టి ఒక పాత కుంకుమ భరిణె తీసెను. ఎర్రని లక్క పూత, అంచు ఊడినది.

"నాయనమ్మా, ఇదీ లక్కేగా?"

ఆమె దానిని చేతిలోనికి తీసికొని కొంతసేపు చూచెను. అది ఆమె తల్లి పెండ్లినాటిది.

"లక్కే," అని దానిని మరల గూటిలోనే పెట్టెను.