ముళ్ళ అడవిలో ఒక సముదాయం

హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం సందర్భంగా దైవప్రవక్త (స) ఆ పవిత్ర క్షేత్రపు హద్దుల్లో కొన్ని నిషేధాలు ప్రకటించారు. అక్కడి వేటజంతువును బెదరగొట్టకూడదు. అక్కడి ముళ్ళచెట్టును సైతం నరకకూడదు. ఈ హదీసు చదివేటప్పుడు మనం మొదటి మాట దగ్గర ఆగుతాం, రెండో మాటను దాటిపోతాం. ఖర్జూర చెట్టు కాదు, పండ్ల తోట కాదు, ముల్లు! ముల్లు ఎవరికి కావాలి?

గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో, తుమ్మ చెట్ల ఎండు అడవుల్లో పిచ్చుకంత పిట్ట ఒకటి ఉంది. నలుపు, తెలుపు తప్ప దాని ఒంటిపై వేరే రంగు లేదు. తల, వీపు నలుపు. చెంపలు తెలుపు. మెడ వెనుక ఒక తెల్లని మచ్చ. ఆ మచ్చను బట్టే పక్షి శాస్త్రజ్ఞులు దాన్ని వైట్ నేప్డ్ టిట్ అంటారు. మనం తెల్లమెడ పిట్ట అనుకుందాం. అల్లాహ్ దీన్ని భారతదేశంలో తప్ప భూమిపై మరెక్కడా ఉంచలేదు. ఇక్కడ కూడా పడమట గుజరాత్, రాజస్థాన్‌లలో కొంత, దక్షిణాన ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల్లో కొంత. నడుమ చాలా దూరం ఖాళీయే. 1840లలో జెర్డన్ అనే బ్రిటిషు వైద్యుడు దీన్ని మొదటిసారి గ్రంథస్థం చేశాడు. అతనికి ఆ పిట్ట దొరికింది ఎక్కడో కాదు, మన నెల్లూరుకు పడమరనున్న తూర్పు కనుమల్లో!

నేడు ఇది ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో చేరింది. దీన్ని ఎవరో పట్టి తినేస్తున్నారని కాదు. ఈ పిట్ట చెట్టు తొర్రలో గూడు పెడుతుంది, కానీ తొర్ర తొలుచుకునే శక్తి దాని ముక్కుకు లేదు. వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన తొర్రలో కాపురముంటుంది. తొర్ర పడాలంటే చెట్టుకు వయసు రావాలి. మనిషేమో ఆ ముదురు తుమ్మనే ముందు కొడతాడు, కట్టె బాగా మండుతుందని. కొట్టిన చోట సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుపోతుంది. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది, పిట్టకు మాత్రం ఇల్లు లేదు.

రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయమేనని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది (అల్ అన్ఆమ్: 38). అక్కడ వాడిన పదం ‘ఉమమ్’, అంటే ఉమ్మత్‌లు. రెక్కలు చాచిన పక్షులకు తమ నమాజూ, తమ తస్బీహ్ తెలుసునని మరోచోట ఉంది (అన్ నూర్: 41). ఒక ఉమ్మత్ ఇల్లు కోల్పోతుంటే అది మనకు సంబంధించని విషయమని ఎలా అనగలం?

బొంబాయిలో 1896లో జన్మించిన సాలిం అలీ బాల్యంలో ఒక పిచ్చుకను తుపాకీతో కొట్టారు. దాని గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. ముస్లిములు దీన్ని తినవచ్చా అనే సందేహంతో మేనమామ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఆ పిల్లవాణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అలా మొదలై, 1930లలో హైదరాబాద్ సంస్థానపు పక్షులను, తర్వాత కచ్ పక్షులను పరిశీలించి గ్రంథాలు రాసేవరకూ వెళ్ళింది. (మన పిల్లలు ఇది హలాలా, హరామా అని అడిగితే విసుక్కోకండి. ఆ ప్రశ్న ఎక్కడికి దారితీస్తుందో మనకేం తెలుసు!)

ఒక ప్రయాణంలో సహాబాలు కొందరు ఒక పిట్ట పిల్లలు రెంటిని పట్టుకున్నారు. తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరగసాగింది. దైవప్రవక్త (స) వచ్చి చూసి, దాన్ని ఇలా బాధపెట్టిందెవరని అడిగి, పిల్లలను తల్లికి తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది. పిల్లలను ఎత్తుకుపోవడానికీ, తొర్ర ఉన్న చెట్టును కూల్చడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి.

పేదవాడి పొయ్యి సంగతేమిటి మౌలానా, అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మక్కా హద్దుల నియమాన్ని నేను ప్రతి అడవికీ అంటగట్టడం లేదు. రేగుచెట్టును నరికేవాడి గురించి వచ్చిన కఠినమైన హెచ్చరికను కూడా ఇమాం అబూ దావూద్, బాటసారులకూ జంతువులకూ నీడనిచ్చే చెట్టును అన్యాయంగా, ఊరికే నరికేవాడి గురించి అని వివరించారు. అంటే అసలు మాట ‘ఊరికే’ అన్నదే. మక్కాలో కూడా హజ్రత్ అబ్బాస్ (రజి) లేచి, ఇజ్ఖిర్ గడ్డి లేనిదే మా ఇళ్ళకూ, కమ్మరులకూ గడవదని విన్నవిస్తే, దైవప్రవక్త (స) వెంటనే దానికి మినహాయింపు ఇచ్చారు. అవసరాన్ని షరీఅత్ ఎన్నడూ కొట్టిపారేయలేదు. అయితే మినహాయింపు ఆ గడ్డికే. ముల్లు ముందున్న చోటే ఉండిపోయింది.

మిస్వాక్ కోసం ఒక పుల్ల విరుచుకుంటే చెట్టుకు నష్టం లేదు. పొయ్యికి కావాలంటే సర్కారు తుమ్మ ఉంది, ఎంత కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది. ముదురు నల్లతుమ్మపై గొడ్డలి ఎత్తాల్సి వస్తే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడండి, తొర్ర ఉందేమో, లోపలికి ఏదైనా పిట్ట వచ్చి పోతోందేమో.