ఒకే నీరు - రెండు లెక్కలు

కుండ అడుగంటినప్పుడు పొదుపు చేయనివారుండరు. కుండ నిండుగా ఉన్నప్పుడు పొదుపు చేయువారు అరుదు. మొదటిదానిని అవసరమందుము, రెండవదానిని గుణమందుము. అవసరము నేర్పిన మితము, ఆ అవసరము తీరిన తరువాత కూడ మనిషిలో నిలుచునా? నిలువనిచో దానిని గుణమని చెప్పుకొనుటకు మనకు హక్కున్నదా? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటకు పురాణముల దాక పోనక్కరలేదు. అమెరికా దేశపు ఎడారిలో, ఒక లోయలో నిలిపిన నీటి ఒడ్డున, అది కండ్లకు కట్టినట్లు కనబడుచున్నది.

కొలరాడో నది యూటా, అరిజోనా రాష్ట్రములలో ఎర్రని ఇసుకరాతిని కోసికొనుచు లోతైన లోయల గుండ ప్రవహించును. వానిలో గ్లెన్ కాన్యన్ అను లోయకు అడ్డముగా 1956లో ఆనకట్ట పని ఆరంభించిరి. దాని ఎత్తు 710 అడుగులు. 1963 మార్చిలో నీటిని నిలుపసాగిరి. అట్లు ఏర్పడిన జలాశయమే లేక్ పావెల్. నిండినప్పుడు దాని పొడవు 186 మైళ్లు. చుట్టును ఎడారి, ఏటికి పడు వాన సుమారు ఏడు అంగుళములు. ఆనకట్ట పనివారి కొరకు పుట్టిన పేజ్ అను చిన్న పట్టణము నుండి కొన్ని మైళ్లు పోయినచో లోన్ రాక్ అను ఇసుక తీరము వచ్చును. అచ్చట సత్రము లేదు. బండికి తగిలించుకొనుటకు నీటి గొట్టము లేదు, విద్యుత్తు తీగ లేదు.

అట్టి చోటికి జనులు ఇంటినే తోలుకొని వత్తురు. ఆర్‌.వి. అని వ్యవహరించు ఆ వాహనములో మంచములు, పొయ్యి, స్నానపు గది అన్నియు అమరియుండును. అడుగున మూడు తొట్లుండును: మంచినీటికి ఒకటి, కడిగిన నీటికి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. ఒక మోస్తరు బండిలో మంచినీటి తొట్టికి 40 గాలన్లు, అనగా సుమారు 150 లీటర్లు పట్టును. లోపల గోడకు చిన్న దీపములుండి, తొట్టి నిండుగా ఉన్నదో, సగమున్నదో, అడుగంటినదో తెలుపుచుండును.

నలుగురున్న కుటుంబము నాలుగు దినములుండదలచి వచ్చినదనుకొందము. మొదటి దినమున పిల్లలు ఇంటివద్దవలెనే కుళాయి తెరిచి ఉంచి పండ్లు తోముకొందురు. సాయంకాలమునకు ఒక దీపము ఆరును. అంతట ఆ ఇంటి పద్ధతులే మారిపోవును. తల్లి పళ్లెములను ముందు కాగితముతో తుడిచి, పిమ్మట కొద్ది నీటితో కడుగును. స్నానమునకు ఒడలు తడిసినంతనే నీరు కట్టి, సబ్బు రాచుకొని, మరల తెరతురు. కూరలు కడిగిన నీటితో చేతులు కడిగికొందురు. వాడిన ప్రతి చుక్కయు రెండవ తొట్టిలో చేరును గనుక, ఖర్చు ఒకవైపు, దాని ఫలితము ఒకవైపు ఎదుటనే ఉండును. ఆ మలినమును ఇసుకలో విడువరాదు. నిర్ణయించిన చోటనే ఖాళీ చేయవలెను. ఎవరును ఉపన్యాసమీయకయే, మూడవ దినమునకు ఏడేండ్ల పిల్లవాడు సయితము నీటి విలువ తెలిసిన పెద్దమనిషి యగును.

ఇంతవరకు వినుటకు బాగుగనే ఉన్నది. అయితే ఒక సంగతి గమనింపవలెను. పేజ్ పట్టణపు కుళాయిలకు వచ్చునది లేక్ పావెల్ నీరే. ఆ కుటుంబము ఆ ఊరిలో తొట్టి నింపుకొని వచ్చినచో, బండి అడుగున గరిటెలతో కొలిచి వాడుకొను నీరును, కిటికీలోనుండి కనబడు నీలి నీరును ఒకటే. ఒకే నీటికి రెండు లెక్కలు నడచుచున్నవి. తొట్టిలోని దానికి చుక్క చుక్కకు పద్దు. జలాశయములోని దానికి పద్దే లేనట్లు నడవడి.

ఈ రెండవ లెక్క ఎట్లు వ్రాయబడినదో వర్తకులమైన మనము తెలిసికొనదగును. 1922లో ఏడు రాష్ట్రములవారు కూర్చుండి కొలరాడో నీటిని పంచుకొనిరి. ఎగువ ప్రాంతమునకు ఏటా 75 లక్షల ఎకరా-అడుగులు, దిగువ ప్రాంతమునకు 75 లక్షలు అని వ్రాసికొనిరి. (ఒక ఎకరము నేల మీద ఒక అడుగు లోతున నిలుచు నీరు ఒక ఎకరా-అడుగు.) 1944లో మెక్సికో దేశమునకు మరి 15 లక్షలు ఇత్తుమని ఒడంబడిక చేసికొనిరి. మొత్తము ఒక కోటి 65 లక్షలు. కాని 1922లో చూచుకొన్న ప్రవాహపు లెక్కలు అసాధారణముగా వానలు కురిసిన ఏండ్లవి. ఆ సంగతిని వృక్షముల కాండములలోని వలయములు తరువాత నిరూపించినవి. 2000 తరువాత నదిలో సగటున వచ్చుచున్నది ఒక కోటి 20 లక్షలకును 30 లక్షలకును నడుమనే. అనగా, రెండు మంచి పంటల రాబడిని చూచి, అదే శాశ్వతమని నమ్మి, వారసులందరికి భాగపత్రములు వ్రాసియిచ్చిన గృహస్థు కథ ఇది.

చెప్పినవారు లేకపోలేదు. 1869లో పడవలతో ఈ లోయలను మొదట పరిశోధించిన జాన్ వెస్లీ పావెల్, 1893లో లాస్ ఏంజిలిస్ నగరపు నీటిపారుదల సభలో, ఈ భూములన్నింటికి చాలినంత నీరు లేదని స్పష్టముగా చెప్పెను. సభికులు ఆయనను గేలిచేసిరి. తరువాత ఆయన పేరునే ఈ జలాశయమునకు పెట్టిరి. పెద్దల మాట వినక, పటమునకు మాత్రము పూలదండ వేయుట మన దేశమునకే పరిమితము కాదు గదా!

జలాశయము 1980లో మొదటిసారి నిండినది. 2023 ఆరంభమున నీటిమట్టము నిండు మట్టమునకు సుమారు 180 అడుగులు దిగువకు పడి, నిలువ నాల్గవవంతు కన్న తక్కువయ్యెను. నీరు తీసిన మేర ఎర్రని కొండలపై తెల్లని సున్నపు చార మిగిలినది. ఆర్‌.వి.లో దీపము ఆరుటకు ఒక దినము పట్టినది. ఇచ్చట దీపము ఆరుటకు నలుబదేండ్లు పట్టినది. అంతే భేదము. కాని ఆ భేదమే మనిషిని మోసగించుచున్నది.

ఇచ్చట కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు: “ఆ నదీజలములో హెచ్చు భాగము పొలములకు పోవును. ఒక కుటుంబము స్నానములో మిగిల్చిన రెండు బిందెలతో జలాశయము నిండునా?” నిండదు. ఆ మాట ఒప్పుకొనవలసినదే. కాని పొలమునకు నీరు వదలువాడును, పట్టణమునకు గొట్టము వేయువాడును, పంపకపు కాగితముపై చేవ్రాలు చేయువాడును ఇట్టి ఇండ్లలో పెరిగినవారే గదా. ‘తొట్టి ఎంత? మనము నలుగురము, దినములెన్ని?’ అను మూడు ప్రశ్నలు ఇంట అలవడనివానికి సభలో స్ఫురింపవు.

రెండవ ఆక్షేపణ ఇంతకన్న బలమైనది. జలాశయపు దక్షిణపు ఒడ్డు నావహో ప్రజల నేల. ఆ జాతివారి ఇండ్లలో సుమారు మూడవవంతు ఇండ్లకు కుళాయి నీరు లేదు. పీపాలలో నింపుకొని దూరము నుండి బండ్లపై తెచ్చుకొందురు. 1922 నాటి పంపకములో వారిని పిలిచి కూర్చుండబెట్టినవారు లేరు. 1868 నాటి సంధిని బట్టి వారికి నీరు సమకూర్చు బాధ్యత ప్రభుత్వముపై లేదని 2023లో ఆ దేశపు సుప్రీం కోర్టు, అయిదుగురొక వైపు నలుగురొక వైపు నిలిచి, తీర్పు చెప్పెను. విహారమునకు వచ్చినవాడు నాలుగు దినములు చుక్కలు లెక్కించి, అదొక అనుభవమని ఆనందించును. ఒడ్డుననే పుట్టినవాడు జీవితమంతయు లెక్కించును. దానిని ఎవరును గుణమని మెచ్చరు. కనుక కొరతను పొగడుట తగదు. లేమి వ్రతము కాదు. తినుటకు లేనివాని పస్తును ఉపవాసమనుట అపచారము.

మరి వ్రతమనగా ఏది? కలిగియుండి గీత గీసికొనుట. ఆ కుటుంబము ఇంటికి తిరిగిపోవును. బండి అప్పగించి, స్నానపు గదిలో కుళాయి తిప్పును. నీరు ధారగా వచ్చును. గోడపై దీపములు లేవు. ఆ క్షణముననే అసలు పరీక్ష. ఎడారిలో చేసినది తొట్టి చేయించినది. ఇచ్చట చేయునదే తాను చేసినది. మొదటి ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది: అవసరము గుణమును ఈయజాలదు గాని, దానిని ఒకసారి చూపగలదు. చూచినదానిని నిలుపుకొనుట మన పని.

మనకు ఈ సంగతి క్రొత్తది కాదు. దుకాణము నడుపువానికి గల్లాపెట్టెలో కనబడు రొక్కమంతయు లాభము కాదని తెలియును. అందులో అప్పులవారిది కలదు, భాగస్థులది కలదు, రేపటి సరుకుది కలదు. గల్లా నిండుగా నున్న దీపావళినాడు చిట్టా విప్పి చూచువాడే దుకాణమును కొడుకునకు అప్పగింపగలడు. ఆ ఏడు రాష్ట్రములవారు నిండు గల్లాను చూచి చిట్టా మూసిరి. మన ఇండ్లలో నీటికి, ధాన్యమునకు, ధనమునకు కూడ ఒక చిట్టా ఉండవలెను. దీపము ఆరిన తరువాత కాదు, అన్ని దీపములు వెలుగుచున్నప్పుడే దానిని విప్పవలెను. అట్లు విప్పినప్పుడు, ఒడ్డున పీపాతో నిలిచినవాని పేర ఒక పద్దు వ్రాసియున్నదా లేదా అని కూడ చూచుకొనవలెను.