సైంధవం తీసుకురా

బస్సు టికెట్లు అమ్మే ఒక సంస్థలో కొన్నాళ్ళు పనిచేశాను. ప్రయాణికుల మెసేజీలకి జవాబిచ్చే ఏఐ ఏజెంట్ ఒకటి ఉండేది. అది వాడుకునే టూల్స్‌కి వివరణలు రాయడం నా పని. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఒకాయన, "అమ్మకి ఒంట్లో బాలేదు, ఆవిడ టికెట్ క్యాన్సిల్ చెయ్యండి" అని మెసేజ్ పెట్టాడు. ఏజెంట్ నలుగురి టికెట్లూ రద్దు చేసేసింది. ఆయన చూసుకునేలోపే ఆ సీట్లు వేరేవాళ్ళు కొనేసుకున్నారు. పండగ ముందు హైదరాబాద్ నుంచి కాకినాడకి మళ్ళీ సీట్లు దొరకడం ఎంత కష్టమో వెళ్ళేవాళ్ళకి తెలుసు.

మీటింగ్‌లో కారణం "మోడల్ పొరబాటు" అని రాసుకున్నారు. నేనూ తలూపాను.

సాయంత్రం నేను రాసిన వాక్యం తీసి చూసుకున్నాను. "టికెట్ రద్దు చేస్తుంది." అంతే. నిజానికి ఆ టూల్ రద్దు చేసేది మొత్తం బుకింగ్‌ని. ఒక్క మనిషిని తీసెయ్యడానికి ఇంకో టూల్ ఉంది. దానికి నేను రాసింది "బుకింగ్‌లో మార్పులు చేస్తుంది" అని. ఈ తేడా మా టీమ్‌లో అందరికీ తెలుసు. అందుకే రాయలేదు.

ఏజెంట్‌కి ఆ టూల్ లోపలి కోడ్ కనిపించదు. టూల్ పేరు, మనం రాసిన వివరణ, దానికి ఏమేం ఇవ్వాలో చెప్పే జాబితా, ఇవే కనిపిస్తాయి. తేదీ దగ్గర ఏ పద్ధతిలో రాయాలో చెప్పకపోతే 05-01 అంటే జనవరి 5 అనుకోవచ్చు, మే 1 అనుకోవచ్చు. రెండు టూల్స్‌కీ ఒకేలా వినిపించే వాక్యాలు రాస్తే, ఏది ఎంచుకోవాలో ఆ వాక్యాల నుంచే ఊహించుకోవాలి.

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు ఉండాలంటాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో. "నిప్పుతో తడుపు" అంటే యోగ్యత లేదు. నా వాక్యంలో ఆ మూడూ ఉన్నాయి. లేనిది, వాటితో పాటు తార్కికులు చెప్పే ఇంకొకటి: తాత్పర్యం. దానికి పాత ఉదాహరణ ఒకటుంది. సైంధవం అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనానికి కూర్చున్న యజమాని "సైంధవం తీసుకురా" అంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి బయల్దేరుతూ అంటే గుర్రం తేవాలి. నౌకరుకి ఎదురుగా విస్తరి కనిపిస్తోంది కాబట్టి సరిపోయింది. ఏజెంట్‌కి విస్తరి కనిపించదు, మనం రాస్తే తప్ప.

"అనుమానం వస్తే అదే అడగాలి కదా?" అన్నాడు ఒక స్నేహితుడు. అడగగలదు. కానీ అనుమానం రావడానికి కూడా ఏదో ఒకటి తెలిసి ఉండాలి. "టికెట్ రద్దు చేస్తుంది" అన్న వాక్యంలో అనుమానానికి చోటెక్కడుంది?

వివరణ మళ్ళీ రాశాను. "ఈ టూల్ బుకింగ్‌లో ఉన్న అందరి టికెట్లూ రద్దు చేస్తుంది. ఒకసారి చేశాక వెనక్కి తీసుకోలేం. ఒక్కరి టికెట్ రద్దు చెయ్యాలంటే ఇది వాడొద్దు. బుకింగ్‌లో ఒకరికంటే ఎక్కువమంది ఉంటే, ఎవరెవరివి రద్దు చెయ్యాలో ముందు ప్రయాణికుణ్ణి అడుగు." ఇరవై నిమిషాలు పట్టింది. మాటల మీదే భారం వెయ్యకుండా, ప్రయాణికుడు సరేననేదాకా రద్దు కాకుండా కోడ్‌లో కూడా అడ్డు పెట్టించాం.

రాస్తుంటే వేరే సంగతి గుర్తొచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు, మా ఇంట్లో పనిచేసే అక్కతో "ఆ పాత కాగితాలు తీసెయ్యక్కా" అని చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి న్యూస్‌పేపర్లతో పాటు నాన్న రాసిన ఉత్తరాల కట్ట కూడా పాత సామాన్ల బండికి వెళ్ళిపోయింది. "ఆమాత్రం తెలీదా?" అన్నాను. ఆవిడకి చదవడం రాదు. పైగా ఆ ఉత్తరాలు ఆ న్యూస్‌పేపర్ల కంటే చాలా పాతవి. నేను చెప్పింది ఆవిడ అక్షరాలా చేసింది. "అడగొచ్చు కదా" అని కూడా అన్నాను. హడావిడిగా చెప్పులేసుకుంటున్న నన్ను ఆపి ఆవిడ ఏమని అడుగుతుంది?

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ ఆ లోకువ ఏమిటంటే, సగం చెప్పే హక్కు మనకుంటుంది, మిగతా సగం ఊహించుకునే బాధ్యత వినేవాళ్ళ మీద పడుతుంది. ఊహ తప్పితే తప్పు వాళ్ళది. "అందరికీ తెలిసిందే కదా" అన్నప్పుడు ఆ అందరిలో ఎవరున్నారో మనం లెక్కపెట్టుకోం.

ఏజెంట్‌నీ మనిషినీ ఒకటి చెయ్యడం లేదు. ఏజెంట్‌ని తిట్టినా మొహం చిన్నబుచ్చుకోదు, ఆవిడ చిన్నబుచ్చుకుంది. నన్ను ఇబ్బంది పెట్టేది అదే. ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ఎక్కడ ఆగి అడగాలి అని ఒక మెషీన్‌కి ఓపిగ్గా రాసిపెట్టాను. చెప్పులు విప్పి లోపలికెళ్ళి, ఏవి ఉంచాలో ఆవిడకి చూపించి రావడానికి రెండు నిమిషాలు పట్టేది.

మర్నాడు పొద్దున, "మోడల్ పొరబాటు" అన్నచోట "వివరణ అసంపూర్ణం, రాసింది నేను" అని మార్చమని మెయిల్ పెట్టాను. మార్చారు. ఆ ప్రయాణికుడికి డబ్బు పూర్తిగా తిరిగి వచ్చింది. పండక్కి మాత్రం ఊరు వెళ్ళలేకపోయాడు.

అక్కతో మాత్రం, "ఆరోజు తప్పు నాది" అని ఇంకా చెప్పలేదు.