గీత ఒక్కటే, విన్నవాళ్ళు ఇద్దరు

 

ఈ వారం వీడియోలో భగవద్గీత 18వ అధ్యాయం చివరి శ్లోకాల గురించి మాట్లాడుకున్నాం. వీడియోలో టైమ్ చాలక వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. కొంచెం బరువైన విషయమే, కానీ చివరిదాకా చదవండి.

గీతని అర్జునుడు విన్నాడు. సంజయుడి నోట ధృతరాష్ట్రుడు కూడా విన్నాడు. అదే ఉపదేశం, ఒక్క అక్షరం తేడా లేదు. చివర్లో కృష్ణుడు అర్జునుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. "బాగా చెప్పానా?" అని కాదు. "మనసు పెట్టి విన్నావా? నీ మోహం పోయిందా?" అని. అర్జునుడు "పోయింది స్వామీ, నువ్వు చెప్పినట్టే చేస్తాను" అన్నాడు, లేచి విల్లు పట్టుకున్నాడు.

మరి ధృతరాష్ట్రుడు? సంజయుడు ఆయనకి ఇదంతా చెప్పింది యుద్ధం మొదలైన రోజున కాదు. 10వ రోజు భీష్ముడు పడిపోయాక వచ్చి చెప్పాడు. అంటే ఇంకా 8 రోజుల యుద్ధం మిగిలే ఉంది. ద్రోణుడు ఉన్నాడు, కర్ణుడు ఉన్నాడు, అభిమన్యుడు ఉన్నాడు. మహారాజు ఒక్క మాట గట్టిగా అని ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో! ఆయన అనలేదు. అంతా విని, "తర్వాత ఏం జరిగింది సంజయా?" అన్నాడు.

ఎందుకిలా? జవాబు గీత మొదటి శ్లోకంలోనే ఉంది. ఆయన అడిగిన ప్రశ్నలోనే మనుషుల్ని రెండు ముక్కలు చేశాడు: మావాళ్ళు, పాండుపుత్రులు. తమ్ముడి పిల్లలు ఆయన లెక్కలో "మావాళ్ళు" కారు. ఆ గీత చెరగనంత కాలం ఏ గీత విన్నా లోపలికి దిగదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2009 నవంబర్‌లో మైసూరులో టెడ్ ఇండియా సదస్సు జరిగింది. అక్కడ మన హైదరాబాద్ 'ప్రజ్వల' సంస్థ సునీతా కృష్ణన్ గారు మాట్లాడారు. పావుగంట కూడా లేని ఆ వీడియో ఆన్‌లైన్‌లో ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రజ్వల 1996లో మొదలైంది. పాతబస్తీలో మెహబూబ్ కీ మెహందీ అనే వ్యభిచార వాడని ఖాళీ చేయిస్తే అక్కడి ఆడవాళ్ళు రోడ్డున పడ్డారు. వాళ్ళ పిల్లలకి చదువు చెప్పడానికి, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ గారితో కలిసి ఆవిడ మొదలుపెట్టిన పని అది. 2016లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆ ప్రసంగంలో ఆవిడ ముందు ముగ్గురు పసిపిల్లల గురించి చెప్తారు. ఆ వివరాలు ఇక్కడ రాయను, మీరే వినండి. తర్వాత తన సంగతి చెప్తారు. 15 ఏళ్ళ వయసులో తన మీద సామూహిక అత్యాచారం జరిగిందని, బాధితురాలైన పాపానికి రెండేళ్ళ పాటు చుట్టూ ఉన్నవాళ్ళు తనని వెలివేసినట్టు చూశారని చెప్తారు. రక్షించి తెచ్చిన ఆడపిల్లలు వెల్డింగ్, వడ్రంగం, క్యాబ్ డ్రైవింగ్ లాంటి పనులు నేర్చుకుని ఎంత బాగా రాణిస్తున్నారో కూడా చెప్తారు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఒక చిన్న సంఘటన. ఆవిడ స్నేహితురాలు ఒకరు ఈ పిల్లల కూరగాయల కోసం ప్రతి నెలా 2,000 రూపాయలు ఇచ్చేవారట. మంచి మనిషే. ఒకసారి ఆ స్నేహితురాలి తల్లికి జబ్బు చేసింది. "సునీతా, నీకు చాలామంది తెలుసు కదా, అమ్మని చూసుకోవడానికి ఎవరినైనా పంపవా?" అని అడిగారు. కాసేపు మౌనం. ఆ తర్వాత, మీ పిల్లల్లో ఒకరు మాత్రం వద్దు అన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. డబ్బు ఇచ్చిన చెయ్యే ఆ గీత కూడా గీసింది. దానానికి పనికొచ్చిన పిల్ల, గుమ్మం దాటి లోపలికి రావడానికి పనికిరాలేదు. ధృతరాష్ట్రుడు వాడిన మాటే ఇది, కాస్త మర్యాదగా వినపడుతుంది అంతే. సునీత గారు ఆ సభలో ఉన్నవాళ్ళని మహాత్ములైపోమని అడగలేదు. మీ చిన్న ప్రపంచంలోనే, మీ మనసులో వీళ్ళకి కాస్త చోటు ఇవ్వగలరా అన్నదే ఆవిడ అడిగింది.

ఇది మన ధర్మానికి కొత్త మాటా? కాదు. ప్రతి దీపావళికీ నరకాసుర వధ కథ చెప్పుకుంటాం. టపాసులు కాల్చి, స్వీట్లు తిని పడుకుంటాం. కానీ భాగవతంలో ఆ కథ నరకుడు చచ్చిపోవడంతో అయిపోదు. వాడు చెరపట్టి దాచిన 16 వేల మంది రాజకన్యలు అక్కడ ఉన్నారు. ఈ రోజు భాషలో చెప్పాలంటే అది రెస్క్యూ ఆపరేషన్. కృష్ణుడు తలుపులు తెరిచి "ఇంక మీరు వెళ్ళొచ్చు" అని ఊరుకోలేదు. వాళ్ళకి శుభ్రమైన బట్టలు కట్టించి, పల్లకీల్లో, బోలెడు సంపదతో సహా ద్వారకకి పంపించాడు. పల్లకీ అంటే గౌరవం. తలదించుకుని నడిచి వెళ్ళక్కర్లేదని అర్థం. ఆ తర్వాత ఒకే ముహూర్తంలో, అన్ని రూపాలు ధరించి, ఒక్కొక్కరినీ వేరువేరు ఇళ్ళలో పెళ్ళి చేసుకున్నాడు.

"16 వేల మంది భార్యలు" అని జోకులు వేసేవాళ్ళు మీ ఫ్రెండ్స్‌లో కూడా ఉంటారు. వాళ్ళకి ఈ ముక్క చెప్పండి. చెర నుంచి వచ్చిన ఆడపిల్లని లోకం ఎలా చూస్తుందో స్వామికి తెలుసు. అందుకే "వీళ్ళు నావాళ్ళు" అని అందరి ముందూ చెప్పాడు. "మీ పిల్లల్లో ఒకరు మాత్రం వద్దు" అన్న మాటకి ద్వారక ఇచ్చిన జవాబు అది.

సరే, మనమెవరినీ కొనలేదు, అమ్మలేదు, మనకేం పాపం అంటారా? దీనికి విదురుడు చెప్పిన లెక్క ఉంది. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చినప్పుడు ఆవిడ ఒక న్యాయమైన ప్రశ్న అడిగింది: తనని తాను ఓడిపోయిన మనిషికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది? ఒక మనిషిని సరుకులా పందెం పెట్టడం గురించి వేసిన ప్రశ్న అది. పెద్దలు తల వంచుకున్నారు. కౌరవుల్లో వికర్ణుడొక్కడే నోరు విప్పాడు. అప్పుడు విదురుడు, పూర్వం ప్రహ్లాదుడికి కశ్యపుడు చెప్పిన ధర్మాన్ని గుర్తుచేశాడు. సభలో అధర్మం జరుగుతుంటే ఎవరూ ఖండించకపోతే, ఆ పాపంలో సగం సభాపతికి, పావు వంతు చేసినవాడికి, మిగతా పావు వంతు నోరు మెదపని సభ్యులకి. గమనించారా? చేసినవాడికీ, చూస్తూ ఊరుకున్నవాళ్ళకీ ఒకే వాటా!

ఈ రోజుల్లో మన సభలు ఎక్కడున్నాయి? వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన మెసేజ్ పెట్టారు: ఇంట్లోనే ఉండి పనిచేసే అమ్మాయి కావాలి, చిన్నపిల్లయితే మంచిది, చెప్పిన మాట వింటుంది. కింద నాలుగు ఏజెంట్ల నంబర్లు వచ్చాయి. నేను ఒక్కటే రాశాను: "అంకుల్, 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. ఏజెంటు తెచ్చే పిల్ల ఏ ఊరు నుంచి, ఎవరి ద్వారా వస్తోందో, జీతం ఎవరి చేతికి వెళ్తుందో అడగండి." ఆ రాత్రికే మెసేజ్ డిలీట్ అయింది. ఆయన లిఫ్ట్‌లో నన్ను పలకరించడం మానేశారు. నాకైన ఖర్చు అంతే.

ఇంకో మాట. ట్రాఫికింగ్ అంటే ఎక్కడో, ఎవరికో జరిగేది అనుకోకండి. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళని కంబోడియా పంపారు. అక్కడ నిర్బంధించి వాళ్ళతో సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ స్కామ్ సెంటర్ల నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయుల్ని ప్రభుత్వం వైమానిక దళం విమానాల్లో వెనక్కి తెచ్చింది. ఉద్యోగం వెతుక్కుంటున్న మనలాంటి వాళ్ళే వీళ్ళ గాలానికి దొరుకుతున్నారు. పాస్‌పోర్టు లాక్కుని, అప్పు చూపించి, కొట్టి పని చేయించడం బానిసత్వమే. మన రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది సరిగ్గా దీన్నే, మనుషుల వ్యాపారాన్నీ వెట్టిచాకిరీనీ.

వేదాంతంలో శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మూడు మెట్లు చెప్తారు. వీడియో చూసి కళ్ళు తుడుచుకుని షేర్ కొట్టడం శ్రవణం. అది మొదటి మెట్టే. దాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు, కానీ అక్కడే ఆగిపోతే మనం ధృతరాష్ట్రుడి పక్క కుర్చీలో కూర్చున్నట్టే. "నాకూ వీళ్ళకీ మధ్య గీత ఎక్కడ గీశాను?" అని నిజాయితీగా ఆలోచించడం మననం. ఆ ఆలోచన అలవాటుగా మారిపోవడమే నిదిధ్యాసనం.

ఈ వారం సాధనగా మూడు పనులు చేద్దాం. ఒకటి, ఫోన్‌లో మూడు నంబర్లు సేవ్ చేసుకోండి: పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, ఎమర్జెన్సీకి 112. అనుమానం వస్తే ఫోన్ చెయ్యండి. నిజమో కాదో తేల్చడం వాళ్ళ పని. రెండు, మీకు తెలిసినవాళ్ళెవరైనా ఏజెంటు ద్వారా విదేశానికి వెళ్తుంటే, ఆ ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసి చెప్పండి. మూడోది అన్నిటికన్నా కష్టం. అలాంటి నరకం నుంచి బయటపడ్డ మనిషి మీ ఆఫీసులోనో, మీ వీధిలోనో, మీ బంధువుల్లోనో ఎదురైతే "అసలేం జరిగింది?" అని తవ్వకండి. భోజనానికి పిలవండి. పక్కన కూర్చోబెట్టుకోండి.

స్వామి పల్లకీ పంపాడు. మనకి అంత స్తోమత లేకపోయినా కుర్చీ జరిపి చోటివ్వగలం.

శ్రీకృష్ణార్పణమస్తు.