అల్లుడా, పట్టీలు వేయించే ముందు

రాయకోట టమోటా, కృష్ణగిరి మామిడి ఒకేసారి చేతికొచ్చే రోజులు దగ్గర పడ్డాయని, పికప్ వెనక కమాన్ కట్టలకు ఇంకో రెండు పట్టీలు వేయిస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దనను అల్లుడా. అయితే ఆ పట్టీ ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకుని వేయించు.

అది బండి వెనక భాగం కుంగకుండా ఆపుతుంది, అంతే. యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు నిన్న ఉన్నట్టే ఉంటాయి. మన హోసూరులోనే తయారై 2011లో రోడ్డెక్కిన అశోక్ లేలాండ్ దోస్త్ మోసే బరువు అప్పట్లో టన్నుంపావు. కట్టలో ఎన్ని పట్టీలు పేర్చినా అలాంటి అంకె మారదు.

మొదట లోడుతో వేబ్రిడ్జి ఎక్కించు. వెనక చక్రాలను మాత్రమే ఉంచి ఇంకోసారి తూయించు. ఆర్సీలో ఉన్న బరువుకు లోబడే ఉన్నా కుంగుతుంటే కట్ట విప్పించి చూడు. పాత పట్టీల వంపు పోయిందేమో, సెంటర్ బోల్టు దగ్గర ఒకటి పగిలిందేమో, బుష్షులు అరిగాయేమో. చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది. కొలిమిలో కాల్చి మళ్ళీ వంచి ఇస్తామనేవాళ్ళ దగ్గరికి పోవద్దు, పదును పోయిన ఉక్కు స్ప్రింగుగా పనికిరాదు. కొత్తవే కొని రెండు వైపులా ఒకేలా వేయించు.

మందం దగ్గర ఇంకా జాగ్రత్త. పట్టీ మందం పావు వంతు పెరిగితే బిగువు దాదాపు రెట్టింపవుతుంది. అలాంటి బండి ఖాళీగా వచ్చేటప్పుడు గెంతుతుంది, వెనక చక్రాలకు రోడ్డు పట్టు దొరకదు. సగం లోడు వేసినా కింది క్రేట్లలో టమోటా నలిగిపోతుంది. అందుకే బరువు పడ్డప్పుడు మాత్రమే తగిలే హెల్పర్ పట్టీ మేలు.

నాకు అన్నిటికన్నా భయం వేసే సంగతి ఇంకొకటుంది. ఒకసారి బండి కిందికి దూరి చూడు. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి పైన ఛాసిస్‌కున్న చిన్న వాల్వుకు ఒక సన్నని కడ్డీ ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే ఆ కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. కొత్త పట్టీలు వేశాక లోడు నిండా ఉన్నా ఛాసిస్ అంతగా దిగదు. వాల్వు లెక్కలో బండి ఖాళీ. వెనక బ్రేకులకు అందాల్సిన ఒత్తిడి అందదు. ధర్మపురి దాటి సేలం వైపు తొప్పూరు ఘాట్ దిగేటప్పుడు భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. నీ బండికి ఆ వాల్వు ఉంటే పట్టీలు మార్చిన రోజే కంపెనీ కొలత ప్రకారం దాన్ని సరిచేయించు. దాని సంగతి తెలియని మెకానిక్ చేతికి బండి ఇవ్వొద్దు.

యు బోల్టులు కూడా కొత్తవే వేయించి, కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ బిగించు. క్వారీ కంప్రెసర్ లాగే బాడుగ వస్తే, నీ బండి ఎంత లాగొచ్చో ముందు కంపెనీ పుస్తకంలో చూడు. కొక్కెం మీద పడే బరువు యాక్సిల్‌కు వెనక పడుతుంది కాబట్టి ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు.

చట్టం సంగతీ విను. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. ఎక్కువ సరుకు అక్కడే దించాలి కూడా.

సరుకు మిగిలితే ఇంకో ట్రిప్పు వెయ్యి. గిట్టకపోతే పెద్ద బండి తీసుకో, ముందు కట్టే డబ్బుకు నేనున్నాను. కట్ట విప్పించే రోజు ఒక ఫోన్ చెయ్యి, షెడ్డుకు నేనూ వస్తాను.