ఆకలికి ఒక్క నోరు చాలదా?

ఆడికృత్తిక వచ్చిందంటే తిరుత్తణి కొండ మెట్ల మీద కాలు పెట్టే సందు ఉండదు. 365 మెట్లు. పూలకావడి భుజానికెత్తుకున్న మగవాళ్లు ‘అరోహరా’ అంటూ ముందు, గుండు కొట్టించిన పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్లు వెనక. వాళ్లలో తెలుగు మాటలు బాగానే వినబడతాయి. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా ఇది చిత్తూరు జిల్లా ఊరే కదా. సరిహద్దు మారింది కానీ మొక్కులు మారలేదు.

ఇంతకీ ఆ పండుగ ఎవరి పేరు మీద? కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి పేరు మీద కాదు, తల్లి పార్వతి పేరు మీదా కాదు. పాలిచ్చి పెంచిన కృత్తికల పేరు మీద. బాలకాండలో విశ్వామిత్రుడు రాముడికి ఈ కథ చెబుతాడు. అప్పుడే పుట్టిన బిడ్డకు పాలివ్వమని దేవతలు ఆరుగురు కృత్తికలను నియమిస్తే, ఆ పసివాడు ఆరు ముఖాలు దాల్చి ఆరుగురి దగ్గరా ఒకేసారి తాగాడట. ఆకలికి ఒక్క నోరు చాలు. మిగతా అయిదూ ఎందుకు? ఏ తల్లీ చిన్నబుచ్చుకోకూడదని. శాస్త్రం ఏమంటుందో పండితులు చెప్పాలి, నాకు మాత్రం అలాగే తోస్తుంది.

పిల్లల వార్డులో ఒక పూట కూర్చున్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు. చేతికి అట్ట కట్టించుకుని సెలైన్ ఎక్కించుకుంటున్న పిల్ల, అమ్మ కొంగుతో కళ్లొత్తుకోవడం చూసి ‘నొప్పి లేదులేమ్మా’ అంటుంది. సూది వేసిన నర్సమ్మ మీద అలిగి, గంట తిరక్కముందే ఆమెకు టాటా చెబుతుంది. పక్క మంచం పిల్లాడికి సగం బిస్కెట్టు. ఎవరికి కావలసిన ముఖం వాళ్లకు.

అయితే ఈ ఓర్పు చూసి పెద్దలం మోసపోతాం. ఏడుపు ఆగితే ‘అలవాటు పడిపోయాడు’ అనేస్తాం. ఇంగ్లండులో చాలా ఆసుపత్రులు ఒకప్పుడు అలా అనుకునే, తల్లుల్ని ఎప్పుడో కాసేపు మాత్రం లోపలికి రానిచ్చేవి. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన 1952లో, ఆసుపత్రిలో ఎనిమిది రోజులున్న రెండేళ్ల పిల్లను సినిమా తీసి చూపించాడు. అమ్మ లేని ఆ పిల్ల మౌనం ఊరట కాదు, దిగులు. సినిమా చూసి కొందరు వైద్యులకు కోపమొచ్చింది. ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులు పరిశీలించిన ప్లాట్ కమిటీ మాత్రం 1959లో తల్లిదండ్రుల్ని వేళాపాళా లేకుండా రానివ్వాలనీ, చిన్నపిల్లల తల్లులకు ఆసుపత్రిలో ఉండే వీలు కల్పించాలనీ చెప్పింది.

తల్లికి చోటు అంటే తిరువళ్లూరు గుర్తొస్తుంది. అక్కడ వెలసినవాడు వైద్య వీరరాఘవుడు. జబ్బులు కరిగిపోవాలని అమావాస్యనాడు హృత్తాపనాశిని కోనేట్లో బెల్లం కరిగిస్తారు. శాలిహోత్ర మహర్షి ఉపవాసం విరమించే వేళ స్వామి ముసలి బ్రాహ్మణుడై వచ్చి, ఆయన వండుకున్నదంతా తినేసి, ‘ఎక్కడ పడుకోను?’ అని అడిగాడని స్థలపురాణం. తమిళంలో ‘ఎవ్వుళ్’ అన్న ఆ ప్రశ్నే క్షేత్రం పేరైంది. మహర్షి తన కుటీరం చూపించాడు. ఈ రోజుకీ స్వామి ఆయన తల మీద కుడిచెయ్యి ఉంచి పడుకునే ఉన్నాడు.

ఆసుపత్రిలో రాత్రి తొమ్మిది దాటాక పిల్లాడి తల్లి అడిగేదీ ఆ ప్రశ్నే. మన దగ్గర తల్లిని వెళ్లగొట్టరు, అది మన సంప్రదాయంలోని మంచి. మంచం కింద చాప పరుచుకోమంటారు, అంతే. ఆమెకు స్నానానికి, తిండికి, కాస్త నడుం వాల్చడానికి చోటు చూపడం కూడా వైద్యంలో భాగమేనని ఇంకా గట్టిగా అనుకోలేదు.

ఆసుపత్రులు లేవనడానికి లేదు. 2022 జనవరిలో తిరువళ్లూరుకే ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పెద్ద జబ్బయితే రైలెక్కి చెన్నై ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి వెళతారు. ఇటు తిరుపతిలో 2021 అక్టోబరులో తితిదే చిన్నపిల్లల హృదయాలయం తెరిచింది. హుండీలో పడిన మొక్కు పసిగుండెకు కుట్టు అవుతోందంటే, దానికంటే మంచి కైంకర్యం నాకు తెలియదు.

మీతో ఒక్క మాట. కొండ దిగి ఇంటికెళ్లాక, అన్నం తినని పిల్లాడితో ‘ఉండు, డాక్టర్‌కి చెప్పి సూది వేయిస్తా’ అనకండి. రేపు నిజంగా సూది పడాల్సి వస్తే ఆ బెదిరింపు వాడితోపాటు వార్డులోకి వస్తుంది. అప్పుడు ‘నొప్పి ఉండదు’ అని అబద్ధమూ చెప్పకండి. ‘కాస్త నొప్పెడుతుంది, నేను ఇక్కడే ఉంటా’ అనండి. అని, అక్కడే ఉండండి.