దుమ్ము వేరు, తుప్పు వేరు

గీత మూడో అధ్యాయంలో అర్జునుడు అడుగుతాడు: తనకు ఇష్టం లేకపోయినా, ఎవరో మెడ పట్టి తోసినట్టు మనిషి తప్పు ఎందుకు చేస్తాడు? కామం, క్రోధం అని జవాబిచ్చి, అవి జ్ఞానాన్ని ఎలా కప్పేస్తాయో కృష్ణుడు మూడు పోలికలతో చెబుతాడు. నిప్పును పొగ కప్పినట్టు, అద్దాన్ని మురికి కప్పినట్టు, కడుపులో బిడ్డను మావి కప్పినట్టు. ఈ మూడూ ఒకే మాటకు మూడు అలంకారాలు కావని, ముసుగు మందంలో తేడాలని వివరించిన వ్యాఖ్యాతలున్నారు. పొగకు గాలి చాలు. అద్దాన్ని చేత్తో తుడవాలి. మావి సంగతి వేరు, నెలలు నిండేదాకా దాని జోలికి పోకూడదు.

నాకు ఇష్టమైన వివరణ ఇది. ఏళ్ళ తరబడి దీన్ని నలుగురికీ చెబుతూ వచ్చాను కూడా. ఇందులో నాలుగో పోలిక ఒకటి లేదన్న సంగతి మాత్రం అమెరికాలో, మా మేనల్లుడి గ్యారేజీలో, ఒక పాత ట్రక్కు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడే తట్టింది.

మావాడిది ఒహాయో రాష్ట్రం, కొలంబస్‌కు దగ్గర్లో ఇల్లు. కంప్యూటర్ ఉద్యోగం. పానా పట్టుకోవడం కూడా తెలియని రోజుల్లో 1951 నాటి షెవర్లే 3100 పికప్ కొన్నాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1947లో ఆ కంపెనీ కొత్త రూపంతో తెచ్చిన ట్రక్కుల వరస అది, 1955 తొలి నెలలదాకా వచ్చింది. ఆరు సిలిండర్ల ఇంజను, ఆరు వోల్టుల కరెంటు, వెనక తొట్టిలో చెక్క పలకలు. స్టార్టరు కాలితో తొక్కాలి. పెట్రోలు ట్యాంకు క్యాబులోనే, సీటు వెనక ఉంటుంది. రైతుల కోసం చేసిన బండి కాబట్టి ఏ భాగమూ దాగి ఉండదు. బానెట్ ఎత్తితే ఇంజను పక్కన నేల కనపడుతుంది. నేర్చుకునేవాడికి ఇంత దయగల బండి ఇంకోటి ఉండదంటారు.

ఒహాయో చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన తడి ఇనుమును ఎలా తింటుందో విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఈ ట్రక్కులకు క్యాబు వెనక మూలలు, ఎక్కే మెట్లు, కాళ్ళ కింద రేకు ముందుగా పోతాయి. వాన పైన పడి పోవడం కాదు. రేకు మడతల లోపల మట్టి చేరుతుంది, ఆ మట్టి తడిని పట్టి ఉంచుతుంది, తుప్పు అవతలి నుంచి ఇవతలికి తినుకుంటూ వస్తుంది. పైన రంగు కొంచెం ఉబ్బినట్టు కనపడే రోజుకు లోపల అంతా అయిపోయి ఉంటుంది. మావాడు అలా ఉబ్బిన చోట స్క్రూడ్రైవరు మొన ఆనించాడు. అది పిడిదాకా లోపలికి పోయింది.

అదీ నాలుగో పోలిక. గీతలో లేదు గానీ ధమ్మపదంలో, మలవర్గంలో ఉంది. ఇనుములోంచి పుట్టిన తుప్పు ఆ ఇనుమునే తినేస్తుందని, హద్దు మీరినవాణ్ని అలాగే వాడి కర్మలే దుర్గతికి లాక్కుపోతాయని బుద్ధుడు అంటాడు. అద్దం మీది మురికి అద్దం కాదు. తుడిస్తే అద్దం మొత్తంగా మనకు దక్కుతుంది. తుప్పు అలా కాదు, అది ఇనుమే. నీటి సాయంతో ఆక్సిజన్‌ను కలుపుకుని తన బిగువు పోగొట్టుకున్న ఇనుము. గీకితే ఊడి కింద పడేది పైనుంచి వచ్చి చేరిన పదార్థం కాదు, బండిలోంచి పోయిన భాగమే. గనిలో ఉన్నప్పుడు కూడా ఇనుము ఆక్సిజన్‌తో కలిసే ఉంటుంది. కొలిమిలో బొగ్గు వేసి విడదీసి మనం దాన్ని లోహం చేశాం. తుప్పు పట్టడమంటే అది తన పుట్టింటి దారి పట్టడం. కార్యం కారణంలో లీనం కావడం మోక్షశాస్త్రంలో చాలా గొప్ప మాట. క్యాబు మూలలో అదే జరిగితే చిల్లు అంటారు.

వేదాంతి వెంటనే అడ్డుపడతాడు, పడాలి కూడా. ఆత్మకు తుప్పేమిటి, అది నిత్యశుద్ధం కదా, పట్టేదంతా అంతఃకరణానికే కదా అని. ఒప్పుకుంటాను. గీత చెప్పింది జ్ఞానాన్ని కప్పే ముసుగు గురించి, అక్కడ అద్దమే సరైన ఉపమానం. కానీ మన రోజువారీ కాపురం ఆత్మతో కాదు, అంతఃకరణంతో. ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్న మనిషి, నా మనసు వెన్న, కోపం పైపైదే అంటాడు. ఆ కోపం ఇన్నేళ్ళూ దేన్ని తిని బతికిందో ఆలోచించడు. వాడి ఓర్పునే తిన్నది. ఇప్పుడు కోపాన్ని తీసేస్తే కింద ఓర్పు మెరుస్తూ కనపడదు, చిల్లు కనపడుతుంది. నువ్వు లోపల స్వచ్ఛమే, కాస్త తుడుచుకో చాలు అని చెప్పే ఉపన్యాసాలు ఈమధ్య బాగా పెరిగాయి. వినడానికి హాయిగానే ఉంటాయి. పుచ్చిపోయిన రేకు మీద రంగు కొట్టి అమ్మే బండ్లు కూడా చూడ్డానికి బాగానే ఉంటాయి.

చిల్లు పడ్డచోట చేయగలిగింది ఒకటే. గట్టి ఇనుము తగిలేదాకా కోసి, కొత్త రేకు అతకడం. ఎక్కడ ఆగాలన్నదే ఇందులో విద్య. తుప్పు అంచున ఆగితే వెల్డింగు నిలవదు, పలచబడ్డ రేకు కాలి ఇంకో చిల్లు పడుతుంది. మరీ లోపలికి పోతే మంచి రేకు దండగ. అతికేటప్పుడు కూడా ఒక చివరనుంచి వరసగా వేసుకుంటూ పోకూడదు. వేడికి రేకు వంకర తిరుగుతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో చల్లారనివ్వడం. నియమాలన్నీ ఒక్క ఏకాదశినాడే మొదలుపెట్టేవాళ్ళు నాకు గుర్తొచ్చారు.

ఇవన్నీ మావాడికి ఎవరూ పాఠంగా చెప్పలేదు. భాగవతం ఏకాదశ స్కంధంలో యదువుకు కనపడిన అవధూత తన గురువులు ఇరవై నలుగురని చెబుతాడు. భూమి, గాలి, తుమ్మెద, కొండచిలువ, రాజుగారి ఊరేగింపు పక్కనుంచి పోయినా తలెత్తకుండా బాణం సానపట్టుకున్న పనివాడు. ఆ కథ మొదలుపెట్టే ముందు కృష్ణుడు ఉద్ధవుడితో అన్న మాటను మనం తొందరగా దాటేస్తాం. మనిషికి తానే ముఖ్యమైన గురువట. ఎలా? కళ్ళతో చూసింది, దాన్నుంచి ఊహించింది, ఈ రెంటితో తన మేలు తాను వెతుక్కోగలడు కాబట్టి. ప్రత్యక్షం, అనుమానం. మెకానిక్కుకు ఇంతకుమించిన శాస్త్రం లేదు. ఇంజను అందుకోవడం లేదంటే కావలసినవి మూడే: పెట్రోలు కలిసిన గాలి, సిలిండర్‌లో బిగువు, సరైన క్షణంలో నిప్పురవ్వ. ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి స్టార్టరు తొక్కితే రవ్వ ఉందో లేదో కనపడుతుంది. ఉంటే తప్పు ఇంకోచోట ఉంది. ఒకసారికి ఒకటే మార్చాలి. నాలుగు మార్చి బండి అందుకుంటే అందుకుంటుంది గానీ ఏం నేర్చుకున్నట్టు?

అయితే అదే సంప్రదాయంలో ముండకోపనిషత్తు సమిధలు పట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళమంది. ఈ రెండింటికీ పేచీ లేదని నాకు ఆ గ్యారేజీలోనే తెలిసింది. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నా లోపల ఆవిరి ఉంటుంది, దాని దగ్గర వెల్డింగు రవ్వ పడితే మనిషి ఉండడు. ఇలాంటివి చేసి చూసి నేర్చుకునేవి కావు. మావాడు రెండు వీధుల అవతల ఉండే ముసలి వెల్డరు ఇంటికి ఫిల్టర్ కాఫీపొడి డబ్బా పట్టుకుని వెళ్ళాడు. ఆయన కాఫీ సంగతేమో గానీ శిష్యుణ్ని ఒప్పుకున్నాడు. బ్రేకులు అయ్యేదాకా ఇంజను ముట్టుకోవద్దన్నది ఆయన మొదటి మాట. ఈ ట్రక్కులో నాలుగు చక్రాల బ్రేకులకూ ఆయిలు తోసేది ఒకే మాస్టర్ సిలిండర్. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. కఠోపనిషత్తు శరీరాన్ని రథమంది, బుద్ధిని సారథి, మనసును కళ్ళెం, ఇంద్రియాలను గుర్రాలంది. గుర్రాల సత్తువ ఎంతని ఆ ఉపనిషత్తు లెక్క కట్టదు, కళ్ళెం ఎవరి చేతిలో ఉందన్నదే చూస్తుంది. పతంజలి కూడా యమనియమాలు ముందు పెట్టి ధ్యానాన్ని ఏడో మెట్టు మీద ఉంచాడు. మావాడికి ఇది నచ్చలేదు. "శబ్దం వినాలని ఉంది మావయ్యా" అన్నాడు. అందరికీ అదే ఉంటుంది.

ఆ ఇంజను పట్టేసి ఉంది. ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడ్డ బండిలో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు తుప్పుతో అతుక్కుంటాయి. బలం పెట్టి తిప్పితే రింగులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో అసిటోనూ ట్రాన్స్‌మిషన్ ఆయిలూ కలిపి పోసి వదిలేయాలి. మర్నాడు కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు కదిపి చూడాలి. కదలకపోతే మళ్ళీ పోసి వదిలేయాలి. కృష్ణుడు చెప్పిన మావి ఇదే. ఇక్కడ సాధన అంటే రోజూ వచ్చి పలకరించి, ఏమీ చేయకుండా వెళ్ళిపోవడం. నేను రామకోటి రాసుకుంటుంటే వాడు నూనె పోసుకునేవాడు.

చివరికి అది కదిలి, పాత పెట్రోలు జిగురుతో మూసుకుపోయిన కార్బ్యురేటర్ శుభ్రమై, ఒక సాయంత్రం అందుకుంది. "స్టార్ట్ చేశాను!" అని అరిచాడు. అనాల్సిందే, ఆ వయసులో నేనూ అనేవాణ్ని. కానీ యోగసూత్రాల నాలుగో పాదంలో పతంజలి రైతును తీసుకొస్తాడు. రైతు నీటిని తోయడు. గట్టుకు గండి కొడతాడు, నీరు తన స్వభావం కొద్దీ పల్లానికి పోతుంది. నిమిత్తాలు ప్రకృతిని నడపవు, అడ్డు మాత్రం తొలగిస్తాయి. ఇంజనులోకి గాలిని కూడా ఎవరూ నింపరు. పిస్టన్ కిందికి దిగి చోటు ఇస్తుంది, బయటి వాతావరణం తన ఒత్తిడితో తానే లోపలికి వస్తుంది. అందాకా మావాడు చేసినవన్నీ వరసపెట్టి చూస్తే, కొత్తగా పెట్టినవాటికన్నా తీసేసినవే ఎక్కువ.

మూలలు మారాయి, నేల మారింది, సగం బోల్టులు కొత్తవి. ఇది ఆ ట్రక్కేనా అని మిలింద మహారాజు అడిగే రకం ప్రశ్న అడిగాను. ఆయనకు జవాబు చెప్పిన బౌద్ధ భిక్షువు నాగసేనుడైతే చక్రం రథమా, ఇరుసు రథమా అని మొదలుపెట్టేవాడు. మావాడు డ్రైవరు తలుపు స్తంభానికున్న చిన్న నంబరు రేకు చూపించి, కాగితాల ప్రకారం ఇదే ట్రక్కు అన్నాడు. నామరూపాల్లో నామానికి అంత బలం.

చిల్లు పడనిచోట కథ వేరు. పలచగా, గట్టిగా అంటుకున్న తుప్పును గీకనక్కర్లేదు. పొరలు దులిపి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావకం పూస్తే ఆ తుప్పే నల్లటి ఫాస్ఫేటు పొరగా మారి కింది ఇనుముకు కాపు కాస్తుంది. ఢిల్లీ కుతుబ్ ప్రాంగణంలోని గుప్తుల నాటి ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్ళుగా నిలవడానికి కారణం కూడా ఇలాంటిదే. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ కావడం వల్ల పైన ఒక రక్షణ పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. స్తంభానికి తుప్పు పట్టకపోలేదు, పట్టిన తుప్పే కవచమైంది. నారద భక్తిసూత్రాలు కామక్రోధాభిమానాలను చంపమనవు, ఉంటే వాటిని భగవంతుడి మీదికే తిప్పమంటాయి. చాలాకాలం నాకు ఇది బలహీనులకిచ్చిన రాయితీలా తోచింది. ఇప్పుడు రసాయనశాస్త్రంలా తోస్తోంది. ఒక షరతు మాత్రం మరిచిపోకూడదు. కింద ఇనుము మిగిలి ఉండాలి. చిల్లు మీద ఏ ద్రావకం పూసినా ఉపయోగం లేదు.

ఇంత చేశాక శుభ్రమైన ఇనుము బయటపడుతుంది, వెండిలా మెరుస్తుంది. పని అయిపోయిందనిపించేది అప్పుడే. బండికి అసలు ప్రమాదం కూడా అప్పుడే. గాలిలో తేమ ఉంటే కొన్ని గంటల్లో పసుప్పచ్చటి తుప్పు మళ్ళీ పొడచూపుతుంది. ముట్టుకున్నచోట ఇంకా ముందు. చెమటలోని ఉప్పు వల్ల వేలిముద్ర వేలిముద్రలాగే, గీతలతో సహా, తుప్పుగా తేలుతుంది. శుభ్రం చేసినవాడి చెయ్యే మొదటి మచ్చ. వైరాగ్యం కుదిరిందని చెప్పుకునే కొందరు పెద్దల దగ్గర నాకు ఈ వేలిముద్ర కనపడింది, పేర్లు ఎందుకు. నిత్యకర్మలకు ఫలితం చెప్పకుండా, మానితే మాత్రం దోషమని మన పూర్వులు ఎందుకన్నారో ఆ ఇనుమును చూస్తే కొంత అర్థమవుతుంది. సంధ్యావందనం వల్ల కొత్తగా ఏమీ రాదు. నిన్న తుడిచిన చోటు ఈ పూటకు అలాగే ఉంటుంది, అంతే.

మావాడు చేతికి తొడుగులు వేసుకుని, ఏ పూట గీకిన రేకుకు ఆ పూటే ప్రైమర్ కొడతాడు. డ్యాష్‌బోర్డు ముందు, గాలి లోపలికి వచ్చే గూటిలో చెయ్యి దూరని మడత ఒకటుంది. అక్కడ ఎంత పోయిందో క్యాబు మొత్తం విప్పితే గానీ తెలియదట. విప్పలేదు. ఏటా అక్టోబరులో, రోడ్ల మీద ఉప్పు చల్లకముందే, సన్నటి గొట్టం దూర్చి ఆ మడతలోకి మైనం కొడుతున్నాడు.